కెమెరా పట్టిన ఉద్యోగులు

కిందటి సర్వసభ్య సమావేశంలో భోజనాలయ్యాక ఒక పాత గ్రూపు ఫొటో చేతులు మారుతూ నా దాకా వచ్చింది. 1974లో ఒక పెద్దాయన పదవీ విరమణ నాడు మన ఆఫీసు మెట్ల మీద తీసిన ఫొటో అది. మూడు వరుసల్లో ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. కుర్చీల్లో కూర్చున్న తొమ్మిదిమంది పేర్లూ అందరూ గబగబా చెప్పేశారు. అధికారులు కదా! రెండో వరుసకు వచ్చేసరికి తడుముకోవడం మొదలైంది. మూడో వరుసలో "ఈయన డిస్పాచ్‌లో ఉండేవాడు కాదూ?", "కాదండీ, రికార్డు రూములో" అంటూ తలా ఒక మాట అన్నారు. చివరికి ఏడుగురు పేర్లు లేకుండానే మిగిలిపోయారు. వాళ్ళతో కలిసి మనం ఏళ్ళ తరబడి టీ తాగాం, ఒకే మస్టర్ రోలులో సంతకాలు పెట్టాం. అయినా పేర్లు రాలేదు.

ఆ ఫొటో తీసింది నేనే. వెనక పేర్లు రాయనిదీ నేనే.

ప్రత్యేక సంచికకు మీ ఫొటోగ్రఫీ సరదా గురించి రాయండని కార్యదర్శి గారు అడిగినప్పుడు ముందుగా ఆ ఏడుగురే గుర్తుకొచ్చారు. సరదా గురించి తప్పక రాస్తాను. అయితే ఈ సరదా నా ఒక్కడిది కాదు. నూట డెబ్బై ఏళ్ళకు పైగా మన దేశంలో ఈ విద్యను మోసుకొచ్చిన వాళ్ళలో నెల జీతగాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ చరిత్ర తెలిస్తే మన ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో పడి ఉన్న ఫొటోల విలువ కూడా తెలుస్తుందని నా ఆశ.

రాజులూ, దొరలూ

ఫ్రాన్సులో డాగ్యుయెర్ కనిపెట్టిన ఛాయాచిత్ర పద్ధతిని 1839 ఆగస్టు 19న లోకానికి వెల్లడి చేశారు. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1840 నాటికే కలకత్తాలో కెమెరాలు అమ్మకానికి వచ్చాయి. 1854లో బొంబాయిలోనూ, 1856లో కలకత్తా, మద్రాసుల్లోనూ ఫొటోగ్రాఫిక్ సొసైటీలు ఏర్పడ్డాయి. మద్రాసు సొసైటీకి పూనుకున్నది అక్కడి చిత్రకళా పాఠశాలను స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు.

మన సంస్థానాధీశుల్లోనూ కెమెరా పిచ్చి పట్టినవారు లేకపోలేదు. జయపురం మహారాజా రెండవ రాంసింగ్ స్వయంగా ఫొటోలు తీసి, స్వయంగా ప్రింట్లు వేసేవారు. త్రిపుర మహారాజా వీరచంద్ర మాణిక్య అగర్తల రాజభవనంలో ఏకంగా కెమెరా క్లబ్బు పెట్టారు. ఇవన్నీ చదివినప్పుడు ఇది రాజుల వేడుక, మనవంటి వాళ్ళది కాదు అనిపిస్తుంది. నిజానికి ఆ రోజుల్లో ఖర్చూ, శ్రమా కూడా అలాగే ఉండేవి.

1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టిన తడి ప్లేటు పద్ధతిలో గాజు పలక మీద కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడిగెయ్యాలి. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోవాలి. మన ఎండలకు అది ఇంకా ముందే ఆరిపోయేది. కనుక ఫొటోగ్రాఫరు ఎక్కడికి వెళ్ళినా చీకటి గుడారమూ, రసాయనాల సీసాలూ, గాజు పలకల పెట్టెలూ, వాటిని మోసే కూలీలూ వెంట ఉండాలి. ఇంత తంటా పడి దీన్ని సరదాగా నేర్చుకున్న వాళ్ళెవరు? వెతికితే మనకు కనబడేది ఎక్కువగా ఉద్యోగులే.

అమరావతి శిల్పాలకు తొలి ఫొటోలు

మన ఆంధ్రదేశంతో సంబంధం ఉన్న ఒక పేరు మొదట చెప్పాలి. లిన్నేయస్ ట్రైప్ మద్రాసు సైన్యంలో అధికారి. సెలవు మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక మైసూరు రాజ్యంలోని హళేబీడు, బేలూరు గుళ్ళను ఫొటోలు తీశాడు. 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనకు వాటిని పంపితే మొదటి తరగతి పతకం వచ్చింది. సరదాగా తీసిన ఫొటోలకు ఒక పతకం! ఇప్పటి మన లెక్కలో చిన్న విజయమే. కాని దాని ఫలితం పెద్దది. మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వం ఆయననే ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా నియమించింది.

గుంటూరు ప్రాంతంలో కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి తీసిన శిలాఫలకాలు అప్పటికి మద్రాసు చేరాయి. అక్కడి మ్యూజియంలో ఉన్న వాటిని ట్రైప్ 1858లో ఒక్కొక్కటిగా ఫొటోలు తీశాడు. 1859లో ఆ ఫలకాలను ఓడ ఎక్కించి లండను పంపేశారు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. సముద్రం దాటకముందు అవి ఎలా ఉండేవో చూడాలంటే ట్రైప్ ఫొటోలే మనకు ఆధారం. 1860లో మద్రాసు గవర్నరు ట్రెవెలియన్ ఈ పనిని విలాసపు ఖర్చుగా భావించి ఆపించేశాడు. పొదుపు సర్క్యులర్ల బాధ ఆనాడే మొదలైందన్నమాట. సర్క్యులరు సంగతి ఇప్పుడెవరికీ పట్టదు గాని, ఫొటోలు మాత్రం మిగిలాయి.

బ్యాంకు గుమాస్తాలు

శామ్యూల్ బోర్న్ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒక బ్యాంకులో పనిచేసేవాడు. ఆఫీసు అయ్యాక కెమెరా పట్టుకుని కొండలూ, సరస్సులూ తిరిగేవాడు. 1862లో లండను అంతర్జాతీయ ప్రదర్శనలో ఆయన ఫొటోలకు చోటు దొరికింది. ఆ ధైర్యంతో ఉద్యోగం వదిలి 1863లో భారతదేశం వచ్చాడు. 1866లో హిమాలయాల్లో పద్ధెనిమిది వేల అడుగులకు పైన ఉన్న మణిరంగ్ కనుమ నుంచి ఫొటోలు తీశాడు. ఆ మంచులో తడి ప్లేటు కడగడమంటే ఏమిటో, పుష్యమాసపు చలిలో నీళ్ళ తొట్టెలో చేతులు పెట్టి ప్రింట్లు కడిగిన నాబోటివాడికి కొంచెం ఊహకు అందుతుంది.

లక్నోలో దరోగా అబ్బాస్ అలీ అనే ఆయన మునిసిపల్ ఇంజనీరు. తన ఊరి కట్టడాలను తానే ఫొటోలు తీసి, యాభై ఫొటోలతో 1874లో "లక్నో ఆల్బం" అనే పుస్తకం వెలువరించాడు. 1857 పోరాటంలో ఎంతో దెబ్బతిన్న నగరమది. ఏ గోడ ఎక్కడ ఉండేదో, ఏ మేడ ఎవరిదో చెప్పడానికి పరాయి వాళ్ళ కన్నా రోజూ ఆ వీధుల్లో తిరిగే మునిసిపల్ ఉద్యోగే తగినవాడు కదా!

ఇక మూడో మనిషి అందరికీ తెలిసిన జార్జి ఈస్ట్‌మన్. ఆయన అమెరికాలో రాచెస్టర్ అనే ఊళ్ళో బ్యాంకు గుమాస్తా. ఒక ప్రయాణానికి ఫొటోలు తీద్దామని తడి ప్లేటు సరంజామా కొన్నాడు. ఆ బరువు చూసి బెదిరిపోయాడు. ప్రయాణం మానుకున్నాడు గాని సరదా మానలేదు. రాత్రిపూట ఇంట్లో వంటగదిలో పొడి ప్లేట్ల మీద ప్రయోగాలు చేశాడు. చివరికి 1888లో కొడాక్ కెమెరాను తయారు చేశాడు. నూరు ఫొటోలు పట్టే ఫిల్ముతో ఇరవై అయిదు డాలర్లకు అమ్మాడు. నూరూ తీశాక కెమెరానే కంపెనీకి పంపితే వాళ్ళు కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము నింపి పంపేవారు. 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ పెట్టె కెమెరా వచ్చింది. ఫొటోగ్రఫీ సామాన్యుడి చేతికి వచ్చింది అక్కడి నుంచే. పగలంతా లెడ్జర్లు రాసిన చెయ్యే ఆ పని చేసింది.

మన హైదరాబాదు ఫొటోగ్రాఫరు

వీళ్ళందరిలో మనకు దగ్గరివాడు లాలా దీన్‌దయాళ్. సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్ళినవారికీ, పాత హైదరాబాదు పుస్తకాలు తిరగేసినవారికీ ఆయన ఫొటోలు చిరపరిచితాలు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరనగానే పుట్టు కళాకారుడనుకుంటాం. కాని ఆయన మొదట పబ్లిక్ వర్క్స్ ఉద్యోగి!

1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. 1866లో ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగంలో చేరారు. ఎస్టిమేట్లు వేస్తూ, ప్లాన్లు గీస్తూ, ఆ పక్కనే కెమెరా నేర్చుకున్నారు. మధ్య భారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ వంటి వారు ఆయన పని చూసి ప్రోత్సహించారు. 1882లో డేలీ తరువాత వచ్చిన లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి గ్వాలియరు, సాంచి, ఖజురాహో కట్టడాలను ఫొటోలు తీశారు. ఇవన్నీ ఉద్యోగంలో ఉండగా చేసిన పనులే. ఆ తరువాత ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఫొటోగ్రఫీనే నమ్ముకున్నారు. 1885 ప్రాంతంలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా తీసుకున్నారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. నిజాం ఆయనకు ముసవ్వర్ జంగ్ అనే బిరుదు కూడా ఇచ్చారు. చిత్రకళలో వీరుడని దాని భావం. పరదా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల వనిత చేతికి అప్పగించారు.

దీన్‌దయాళ్ గారి ఫొటోలను దగ్గరగా చూస్తే చాలావాటి మీద ఒక మూల నెగెటివ్ నంబరూ, స్థలం పేరూ కనిపిస్తాయి. ఎస్టిమేట్లు రాసిన మనిషి కదా, రిజిస్టరు అలవాటు పోలేదు అనుకుంటాను నేను. అది చిన్న సంగతి కాదు. 1905లో ఆయన పోయారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా కొని భద్రపరచింది. ఇది ఫలానా మహలు, ఇది ఫలానా కరువు పని అని ఇవాళ మనం గుర్తుపట్టగలుగుతున్నామంటే ఆ నంబర్లూ, ఆ పేర్లూ సాయపడ్డాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

మా రోజులు

ఇక మా తరం సంగతి. నాకు మొదట చేతికి వచ్చింది బంధువు దగ్గర అరువు తెచ్చుకున్న పెట్టె కెమెరా. వెనకవైపు చిన్న ఎర్రటి కిటికీ ఉంటుంది. అందులో తరువాతి అంకె కనబడేదాకా చుట్ట తిప్పాలి. నేను తొలి రోలులోనే తిప్పడం మరిచాను. ఫిల్ము కడిగించి తెస్తే ఒకే ఫొటోలో మా అమ్మగారూ, కృష్ణ కాలువ మీది బల్లకట్టూ కలిసి వచ్చారు. అమ్మ బల్లకట్టు మీద తేలుతున్నట్టుంది. ఇంట్లో ఇప్పటికీ ఆ ఫొటో చెప్పుకుని నవ్వుతారు.

తరువాత సొంతంగా కొన్నది ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో తయారయ్యేది. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, అంతే. 120 రోలుకు పన్నెండు ఫొటోలు. మనలో చాలామంది ఇళ్ళలో పెళ్ళి ఆల్బం తరువాత కనబడే చదరపు ఫొటోలన్నీ దానివే. విదేశీ మారకద్రవ్యం కొరతవల్ల కెమెరాల మీద, ఫిల్ము మీద దిగుమతి ఆంక్షలున్న కాలమది. మన ప్రభుత్వం 1960లో ఉదకమండలంలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించింది. వారి "ఇందు" ఫిల్మూ, బ్రోమైడ్ కాగితమూ మాకు పెద్ద ఆసరా అయ్యాయి. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఇందు పెట్టె కనబడితే మాత్రం నాకు పాత స్నేహితుడు కనబడ్డట్టే ఉంటుంది.

రోలుకు పన్నెండే కాబట్టి నెలకు ఒక రోలు, అంటే నెలకు పన్నెండు అవకాశాలు. మీట నొక్కేముందు పదిసార్లు ఆలోచించేవాళ్ళం. ఆ ఆలోచనే అసలు ఆనందమని ఇప్పుడు తెలుస్తోంది. ఆఫీసుకు సైకిలు మీద వెళ్తూ ఏ గోడ మీద ఏ వేళకు ఎండ పడుతుందో చూసుకునేవాణ్ణి. పొద్దున తొమ్మిదిన్నరకు కలెక్టరాఫీసు రావిచెట్టు నీడ ఎంతవరకు వస్తుందో ఇవాళ అడిగినా చెప్పగలను.

రాత్రి తొమ్మిది తరువాత మా స్నానాలగది డార్క్‌రూము అయ్యేది. కిటికీకి నల్ల రగ్గు, తలుపు సందుల్లో పాతచీర, పైన ఎర్ర బల్బు. డెవలపరు సొంతంగా కలుపుకునేవాళ్ళం. డి-76 సూత్రం మాకు కంఠస్థం. లీటరు నీటికి మెటాలు 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100, హైడ్రోక్వినోను 5, బోరాక్సు 2. మెటాలు కరిగిన తరువాతే మిగతావి వెయ్యాలి. ఫిల్ము కడగడానికి నీళ్ళు 68 డిగ్రీల ఫారన్‌హీటు, అంటే 20 సెంటీగ్రేడు ఉండాలని పుస్తకం చెప్పేది. మే నెలలో మన కుళాయి నీళ్ళు ఆ దరిదాపుల్లో ఉంటాయా? సోడా కొట్టులో అయిదు పైసల ఐసు ముక్క తెచ్చి, పళ్ళెంలో వేసి, అందులో సీసా పెట్టి చల్లార్చేవాణ్ణి. ఒకసారి ఐసు దొరక్క తొందరపడితే ఫిల్ము మీది జిలటిన్ పొర ఉబ్బి, మెత్తబడి, ముడతలు పడిపోయింది. ఒక మిత్రుడి గృహప్రవేశం ఆ ముడతల్లో కలిసిపోయింది. ఆయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

కాని తెల్లటి బ్రోమైడ్ కాగితాన్ని డెవలపరులో ముంచి, పళ్ళాన్ని మెల్లగా ఊపుతూ ఉంటే, ఎర్రటి వెలుతురులో ముందు తలకట్టు, తరువాత కళ్ళు, తరువాత నవ్వు ఒకదాని వెనక ఒకటి పైకి రావడం ఉందే, ఆ సుఖం ఎన్ని వందలసార్లు చూసినా తీరలేదు. మా ఆవిడ మొదట్లో "స్నానాలగదిలో ఈ మందుల కంపేమిటి" అని విసుక్కునేది. ఒక రాత్రి పిలిచి మా పెద్దవాడి మొహం కాగితం మీద వస్తుంటే చూపించాను. మర్నాటి నుంచి ప్రింట్లు ఆరవెయ్యడానికి తాడు తనే కట్టేది.

చిన్న చిన్న గెలుపులు

1953లో ఏర్పడిన భారత ఫొటోగ్రఫీ సమాఖ్య ఊరూరి క్లబ్బులను కలిపింది. అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్‌తో మనకు సంబంధం కలిగించింది. హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఫొటోగ్రఫీ అకాడమీ ఉండేది. జి. థామస్ గారు రాసిన భారత ఫొటోగ్రఫీ చరిత్రను ఆ అకాడమీ 1981లో ప్రచురించింది. కోరుట్ల నుంచి వచ్చిన బి. రాజన్‌బాబు గారు రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలో అయినప్పుడు క్లబ్బుల్లో మేమంతా మా ఇంట్లో పెళ్ళి అయినంత సంబరపడ్డాం.

సెలూన్లు అనే పోటీ ప్రదర్శనలకు నాలుగు ప్రింట్లు పంపేవాళ్ళం. పన్నెండంగుళాలకు పదిహేనంగుళాల ప్రింట్లు, అట్టల మధ్య పెట్టి, గుడ్డ చుట్టి, లక్కముద్ర వేసి రిజిస్టరు పోస్టులో పంపడం. నెలలు గడిచాక అదే కట్ట తిరిగి వచ్చేది. విప్పగానే ముందు ప్రింటు వెనకకు తిప్పి చూసేవాళ్ళం. అంగీకరించి ఉంటే అక్కడ ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. ఏడేళ్ళు నా ప్రింట్ల వెనక ఏమీ లేదు. ఎనిమిదో ఏట ఒకదాని వెనక ఆ కాగితం కనబడింది. వానకు ఆఫీసు సైకిలు స్టాండులో ఆగిపోయిన మన వాళ్ళ ఫొటో అది. తలల మీద ఫైళ్ళు, కాళ్ళ కింద నీళ్ళు. మర్నాడు ఆఫీసుకు తీసుకువెళ్ళి చూపించాను. మా సూపరింటెండెంటు గారు కళ్ళజోడు సవరించుకుని రెండు నిమిషాలు తదేకంగా చూసి, "ఇందులో నా సైకిలేదయ్యా?" అన్నారు. అంతకుమించిన విమర్శ నాకు మళ్ళీ ఎదురవలేదు.

మా క్లబ్బులో ఒక పోస్టుమాస్టరు గారు, ఇద్దరు రైల్వే గార్డులు, ఒక లెక్కల మాస్టారు, ఎల్ఐసి వాళ్ళు ముగ్గురు ఉండేవారు. నెలకొక ఆదివారం కలిసి ఒకరి ప్రింటును ఇంకొకరు నిర్దాక్షిణ్యంగా దుమ్మెత్తిపోసేవాళ్ళం. ఆ తరువాత ఇడ్లీ తినేవాళ్ళం. హోదాలు గుమ్మం బయట విడిచిపెట్టే చోటు నా ఉద్యోగ జీవితంలో అదొక్కటే.

బియ్యపు గింజంత ముఖం

ఇన్ని చెప్పాను గాని, నా ఫొటోల్లో దేనికి ఎక్కువ విలువ అని అడిగితే సెలూన్ ఫొటో పేరు చెప్పను.

మన ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. సర్వీసులో ఉండగానే హఠాత్తుగా పోయాడు. పదో రోజుకు పటం కట్టించి దండ వెయ్యడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. రేషను కార్డు మీద కూడా లేదు. ఆయన భార్య పెద్ద కొడుకును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. "అయ్యా, మీరు ఫొటోలు తీస్తారట కదా, ఎక్కడైనా ఆయన పడి ఉన్నాడేమో చూడండి" అంది.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ప్రతి రోలుకూ నంబరు, తేదీ, సందర్భం రాసేవాణ్ణి. ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే 1971 ఆగస్టు 15 జెండా వందనం రోలు దొరికింది. ఒక ఫొటోలో కుడి చివర, కొయ్యకు తాడు కడుతూ ఆయన నిలబడి ఉన్నాడు. నెగెటివ్ మీద ముఖం బియ్యపు గింజంత ఉంది. ఎన్‌లార్జరును పైకంటా లేపి, ఆ గింజను ఒక్కదాన్నే పెద్దది చేశాను. చుక్కలు చుక్కలుగా వచ్చింది. సెలూన్‌కు పంపితే మొదటి నిమిషంలోనే పక్కన పెట్టేస్తారు. కాని ఆయనే. తల కొంచెం వంచి, ముడి సరిగ్గా పడిందా అని చూసుకునే ఆ చూపు ఆయనదే.

పటం ఇవ్వడానికి నేనే వెళ్ళాను. ఆమె చేత్తో తడిమి చూసి, "జెండా రోజున వేసుకునే చొక్కా" అంది. నలభై ఏళ్ళ తరువాత ఆ కొడుకు ఇంట్లో పెళ్ళికి వెళ్తే పటం గోడ మీద అలాగే ఉంది.

ఆ నోటుపుస్తకం లేకపోతే ఆ నెగెటివ్ నాకు దొరికేది కాదు. 1974 వచ్చేసరికి పని ఒత్తిడి అనో, జ్ఞాపకం ఉంటుందిలే అనే ధీమాతోనో రాయడం మానేశాను. అందుకే ఒకరికి పటం దొరికింది, ఏడుగురికి పేరు పోయింది.

మన చేతిలో ఉన్న పని

1975లో కొడాక్ కంపెనీలోనే స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు ఫిల్ము లేని కెమెరా తయారు చేశాడు. ఒక్క ఫొటో టేపు మీద నమోదు కావడానికి 23 సెకన్లు పట్టేదట. ఆ పరికరపు వారసులే ఇవాళ మనందరి చొక్కా జేబుల్లో ఉన్నాయి. 2012లో కొడాక్ కంపెనీ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. మా మనవరాలు ఒక పూటలో తీసే ఫొటోలు నేను ఏడాదిలో తియ్యలేదు. దానికి బాధ లేదు. ఆ పిల్ల కూడా వెలుతురు చూసే తీస్తోంది. కాని ఫోనులో ఉన్న వేల ఫొటోలకైనా, ట్రంకు పెట్టెలో ఉన్న నూరు ఫొటోలకైనా పేరు రాయకపోతే జరిగేది ఒకటే.

కనుక సభ్యులందరికీ నా మనవి. మీ దగ్గర ఉన్న ఆఫీసు ఫొటోలు, వీడ్కోలు సభలు, పిక్నిక్కులు, సమ్మె రోజుల ఫొటోలు ఏవి ఉన్నా బయటికి తియ్యండి. బోర్లా పెట్టి, వెనక అంచున మెత్తటి పెన్సిలుతో మెల్లగా పేర్లు రాయండి. బాల్ పెన్ను వద్దు, అచ్చు ముందుకు పొడుచుకు వస్తుంది, సిరా అంటుతుంది. జిగురు పేజీల ప్లాస్టిక్ ఆల్బముల్లోంచి ఊడి వచ్చేవాటిని తీసి కాగితపు కవర్లలో పెట్టండి. ఊడి రానివాటిని లాగవద్దు, ఆల్బంతోనే తీసుకురండి. నెగెటివ్‌లుంటే పారవెయ్యవద్దు. అంచులు పట్టుకుని ఎత్తండి, తడి తగలని చోట ఉంచండి. డబ్బా తెరవగానే వెనిగరు వాసన వస్తే ఆ ఫిల్ము పాడవుతోందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, వీలైనంత త్వరగా స్కాను చేయించండి.

వచ్చే సమావేశానికి ఆ ఫొటోలు తీసుకురండి. నేను రూళ్ళ రిజిస్టరు ఒకటి కొని ఉంచాను. నంబరు, సంవత్సరం, సందర్భం, ఎడమ నుంచి కుడికి పేర్లు, ఎవరు చెప్పారో వారి సంతకం, ఇంతే కాలములు. మొదటి పేజీలో 1974 గ్రూపు ఫొటోయే అంటించాను. మూడో వరుసలో ఎడమ నుంచి రెండు, మూడు, ఏడు, ఎనిమిది, పది, పదకొండు, పన్నెండు స్థానాలు ఖాళీగా ఉన్నాయి.

ఈ సంచిక అచ్చుకు వెళ్ళబోయే ముందు పాత రికార్డు రూములో పనిచేసిన మిత్రుడొకరు ఫోను చేశారు. ఏడో ఆయన పేరు ఆయనకు తెల్లవారుజామున గుర్తుకొచ్చిందట. రాసుకున్నాను. ఇంకా ఆరుగురు మిగిలారు.